ముందు మంచినీళ్ళు, తరవాతే ఊరూ పేరూ
కోనసీమ గుమ్మాల్లో నేటికీ నిలిచి ఉన్న ఒక మంచి అలవాటు

పి.గన్నవరం: వైనతేయ గోదావరి మీద గన్నవరం వద్ద పక్కపక్కనే రెండు అక్విడక్టులు కనిపిస్తాయి. పాతది 1850 ప్రాంతాల్లో, కాటన్ దొర ఆనకట్ట రోజుల్లో, హేగ్ అనే ఇంజనీరు కట్టించినది. 49 కమానుల మీద కాలువను నది దాటించి అవతలి లంకలకు నీరిచ్చిన కట్టడం అది. కొత్తది 2000లో పూర్తయింది. దానికి పెట్టిన పేరు డొక్కా సీతమ్మ అక్విడక్టు.

వంతెనలకూ ఆనకట్టలకూ దొరల పేర్లు, మంత్రుల పేర్లు పెట్టడం మామూలే. ఒక ఇల్లాలి పేరు పెట్టడం మాత్రం అరుదు. ఈ సీతమ్మగారు రాజ్యమేలలేదు, పదవి చేయలేదు, పుస్తకం రాయలేదు. ఇంటికి వచ్చిన ముక్కూ ముఖమూ తెలియని మనిషికి వేళకు అన్నం పెట్టారు. బ్రతికినన్నాళ్ళూ పెట్టారు. అంతే.

ఆమె చేసినంత అందరూ చేయలేరు. ఆ మాట నిజమే. కాని ఆ అన్నం వెనక ఉన్న అలవాటు ఒక్క సీతమ్మగారిది కాదు. దాహమన్నవాడికి చెంబుతో నీళ్ళివ్వడం, వానకు తడిసినవాడిని అరుగెక్కమనడం, దారి తప్పినవాడి వెంట పిల్లవాణ్ణి తోడిచ్చి పంపడం, ఇవన్నీ ఈ ప్రాంతంలో ప్రతి ఇంటా జరుగుతూ వచ్చిన చిన్న పనులే. వీటికి ఖర్చు లేదు. పేరు రాదు. లెక్క ఎవరూ రాయరు. అందుకే అవి ఎప్పుడు తగ్గిపోతున్నాయో కూడా ఎవరికీ తెలియదు.

బాటసారికి పెట్టిన భోజనం

సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి భవానీశంకరంగారు కూడా వచ్చినవారికి లేదనకుండా పెట్టే మనిషి. ఊరివాళ్ళు ఆయన్ను 'బువ్వన్న' అనే పిలిచేవారని చెబుతారు. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్నగారు ఒకసారి ప్రయాణంలో మండపేట మీదుగా పోతూ మధ్యాహ్నం వేళ వారింట భోజనానికి ఆగారట. ఆ ఇంటి ఆదరణ, ఆ పిల్ల వడ్డించిన తీరు ఆయనకు నచ్చాయట. ఆ పరిచయమే పెళ్ళికి దారి తీసిందని ప్రతీతి. అంటే సీతమ్మగారి కాపురమే ఒక బాటసారికి పెట్టిన భోజనంతో మొదలయిందన్నమాట.

జోగన్నగారు వేదం చదువుకున్న వ్యవసాయదారు. ఇల్లు గోదావరి లంకల్లో ఉంది. ఆ రోజుల్లో బస్సులు లేవు, హోటళ్ళు లేవు. ఏరు దాటాలంటే పడవ రావాలి. పడవ రావాలంటే గాలీ నీరూ అనుకూలించాలి. రేవులో గంటల తరబడి కాచుకుని, దాటాక ఎండలో నడిచి వచ్చేసరికి ప్రయాణికుడి ప్రాణం కడబట్టేది. అంతర్వేది తీర్థానికి పోయే జనం, పెళ్ళిళ్ళకు పోయేవారు, కోర్టు పనులకు తిరిగేవారు ఇలా ఎందరో ఆకలితో ఆ దారిన పోయేవారు. వారికి ఆ ఇల్లు కనిపించింది. ఆ ఇంటి ఇల్లాలికి వారి ఆకలి కనిపించింది.

వేళ కాని వేళ వచ్చినా ఆమె విసుక్కోలేదని, ఏ కులమని అడగలేదని చెబుతారు. ఆమె గురించి ఈ ప్రాంతపు పెద్దలు నేటికీ చెప్పుకునే కథ ఒకటుంది. ఎన్నాళ్ళనుంచో అంతర్వేది నరసింహస్వామిని చూడాలని కోరికగా ఉండి, చివరకు ఒకసారి బయలుదేరారట. దారిలో ఒకచోట ఆగినప్పుడు పక్కనే ఒక ప్రయాణికుల గుంపు మాటలు చెవిన పడ్డాయి. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే పెద్దవాళ్ళు, "కాస్త ఓర్చుకోండి, గన్నవరంలో సీతమ్మగారింటికి చేరామంటే కడుపునిండా తినొచ్చు" అని ఊరడిస్తున్నారు. ఆ మాట విని ఆమె ప్రయాణం అక్కడే మానుకుని, వారికంటే ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారట.

1903లో ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భంగా జరిగిన ఉత్సవానికి ఆమెకు ఆహ్వానం వచ్చిందని, తాను వెళ్తే ఇంటికి వచ్చినవారికి పెట్టేదెవరని ఆమె వెళ్ళలేదని చెబుతారు. కనీసం ఫొటో అయినా పంపమన్నారట. ఫొటోకు కూడా ఆమె ఒప్పుకోలేదు. ఫొటో తీసుకుని వెళ్ళకపోతే తన ఉద్యోగానికే ముప్పని వచ్చిన అధికారి మొర పెట్టుకున్న మీదటే సరేనన్నారట. నేడు మనం చూసే ఆమె బొమ్మకు వెనక ఉన్న కథ ఇది. అందులో కూడా ఆమె చూసింది తన పేరు కాదు, ఎదుట నిలబడిన పరాయి మనిషి కష్టం. సీతమ్మగారు 1909లో కన్నుమూశారు.

గమనించవలసిన సంగతి ఒకటుంది. అది సత్రం కాదు. దానికి ట్రస్టు లేదు, రసీదు పుస్తకం లేదు. అది ఒక సంసారుల ఇల్లు. ఆ ఇంటివాళ్ళు తినే అన్నమే వచ్చినవారూ తిన్నారు.

అరుగు చెప్పే కథ

కోనసీమ పాత ఊళ్ళలో మండువా లోగిళ్ళు కొన్ని ఇంకా మిగిలి ఉన్నాయి. వాటి ముందు వీధి పొడుగునా అరుగులుంటాయి. ఆ అరుగులు ఇంటివాళ్ళు కట్టించుకున్నవే అయినా ఇంటివాళ్ళ కోసమే కట్టినవి కావు. తలుపు లోపలిది కుటుంబానిది. తలుపు బయట ఉన్న అరుగు దారిన పోయేవాడిది. కావడి మోసేవాడు బరువు దించుకునేది దానిమీదే. గాజులమ్మేవాళ్ళు మలారం దించేది దానిమీదే. వాన వస్తే పశువుల కాపరి ఎక్కేది, రాత్రయితే పొరుగూరి మనిషి తువ్వాలు పరచుకుని పడుకునేది దానిమీదే. ఎవరి అనుమతీ అక్కరలేదు. తెల్లవారి ఇల్లాలు వాకిలి ఊడ్చేటప్పుడు చూసి, "ఏ ఊరు బాబూ? మొహం కడుక్కో, కాస్త మజ్జిగ తాగి పోదువు గాని" అనేది.

ఇప్పుడు కొత్తగా కట్టే డాబాలకు అరుగులు లేవు. ప్రహరీ గోడ, దానికి ఇనుప గేటు, గేటుకు లోపలి గడియ. స్థలం ఖరీదయింది. రోడ్లు వెడల్పు చేసినప్పుడు చాలా అరుగులు పోయాయి. భద్రత కోసం గేటు పెట్టుకోవడం తప్పు కాదు. కాని అరుగు పోవడంతో పరాయి మనిషి నిలబడవలసిన చోటు ఎండలోకి మారింది. ఈ మార్పును కొందరు ఇళ్ళవాళ్ళు తమ పద్ధతిలో సర్దుకున్నారు. గేటు బయట గోడకు ఆనించి చిన్న సిమెంటు దిమ్మ కట్టించినవారున్నారు. చెట్టు కింద పాత బల్ల వేసినవారున్నారు. బల్ల ఖరీదు ఎంతో కాదు. దానిమీద కూర్చుని లేచిపోయేవారికి మాత్రం అది పెద్ద ఆసరా.

కుండ నీళ్ళ సంగతి

ఉగాది దాటితే చలివేంద్రాలు వెలుస్తాయి. సంఘాలు పెట్టే చలివేంద్రాలకు పందిరి ఉంటుంది, బానర్ ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. అవి మంచివే. అయితే వాటిలో కొన్ని ప్రారంభోత్సవం నాటి నీళ్ళతోనే సరిపెట్టుకోవడం అందరికీ తెలిసిన విషయమే. ఎండలు బాగా ముదిరే రోహిణీకార్తె నాటికి కుండ ఎండిపోయి, గ్లాసు ఎటో పోయి, బానర్ ఒక్కటే మిగులుతుంది.

ఇంటి ముందు పెట్టే కుండ అలా కాదు. దానికి రోజూ నీళ్ళు పోసే చెయ్యి ఒకటుంటుంది. కుండ పెట్టడం తెలిసినవారు మూడు జాగ్రత్తలు చెబుతారు. ఒకటి, కుండ నీడన ఉండాలి, గాలి తగలాలి. కుండకు ఉండే సన్న రంధ్రాల గుండా నీరు చెమర్చి, ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. గాలి ఆడని మూల పెడితే నీరు చల్లబడదు. రెండు, కుండను తడి ఇసుక మీద కూర్చోబెట్టి చుట్టూ తడి గోనెసంచి చుట్టాలి. మూడు, రోజూ పొద్దున మిగిలిన నీరు పారబోసి, కుండ లోపల కడిగి, కాచి చల్లార్చినవో, శుద్ధిచేసినవో తాజా నీళ్ళు పోయాలి. మూత తప్పదు. గ్లాసును కుండలో ముంచనివ్వకుండా పొడుగు కాడ ఉన్న గరిటె ఒకటి ఉంచాలి. ఒకరి చెయ్యి తగిలిన నీటితో పదిమందికి జబ్బు చేస్తే ఆ పుణ్యం పాపమై కూర్చుంటుంది.

పలుచని మజ్జిగలో ఉప్పు, కరివేపాకు వేసి ఇచ్చేవారు కూడా ఉన్నారు. చెమటతో ఒంట్లోని ఉప్పు పోయి నీరసపడేవారికి వట్టి నీళ్ళకంటే ఉప్పు మజ్జిగ మేలు. ఎండలో కొబ్బరి దింపు చేసేవారు, వలుపు కార్మికులు, కూలికి వచ్చినవారు, గ్యాసు బండ మోసుకు వచ్చే కుర్రాడు, పార్సిలు తెచ్చే కుర్రాడు, కరెంటు మీటరు చూసే మనిషి, వీరందరూ ఇంటికి పరాయివారే. పని మీద వచ్చారు కదా అని వారి దాహం మరిచిపోతుంటాం. "సంతకం పెట్టేశాను, వెళ్ళు బాబూ" అనడానికి బదులు "ఆగు బాబూ, మంచినీళ్ళు తాగి వెళ్ళు" అంటే పట్టేది అరనిమిషం.

ఎవరి తాలూకు?

గోదావరి జిల్లాల్లో పరాయి మనిషి కనిపిస్తే మొదట వచ్చే ప్రశ్న, "ఏ ఊరండి? ఎవరి తాలూకు?" అన్నది. అందులో ఆప్యాయత ఉంది. చుట్టరికం కలుపుకునే సరదా ఉంది. కాని ఆ ప్రశ్నకు మరో ముఖం కూడా ఉండేది. జవాబును బట్టి కూర్చునే చోటు, తాగే పాత్ర మారిపోయేవి.

పూర్వపు మంచితనాన్ని పొగిడేటప్పుడు ఈ సంగతి దాచిపెట్టడం న్యాయం కాదు. చలివేంద్రాల్లోనే కొందరికి గ్లాసు ఇచ్చి, కొందరికి ఎత్తునుంచి దోసిట్లో పోసేవారు. టీ దుకాణాల్లో రెండు రకాల గ్లాసులు ఉండేవి. బావి గట్టు ఎక్కనివ్వని ఊళ్ళుండేవి. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం అంటరానితనాన్ని నిషేధించింది. 1955లో దానికి శిక్షలు పెడుతూ చట్టం వచ్చింది. చట్టం వచ్చాక కూడా గ్లాసులు వేరుగా ఉన్న చోట్లు చాలాకాలం కనిపించాయి. పొలం పనికి వచ్చిన మనిషికి, ఇంటి పనిమనిషికి గూట్లో వేరుగా బోర్లించిన గ్లాసు తీసి ఇచ్చే ఇళ్ళు ఈనాటికీ లేవని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలవారెందరు?

దయ అనేది ఇచ్చిన నీళ్ళలో ఎంత ఉందో, ఇచ్చిన గ్లాసులోనూ అంతే ఉంది. ఎత్తునుంచి పోసిన నీరు దాహం తీర్చినా మనసులో ముల్లై మిగులుతుంది. సీతమ్మగారి పేరు నూరేళ్ళు దాటి నిలిచిందంటే ఆమె పెట్టిన అన్నం ఒక్కటే కారణం కాదు. పెట్టే ముందు ఆమె అడగని ప్రశ్న కూడా ఒక కారణం. "ఎవరి తాలూకు?" అని అడగవచ్చు. తప్పులేదు. కాని ఆకలి తీరాక అడగాలి. జవాబు ఏదైనా కంచం మారకూడదు.

పెట్టేదెవరు? వండేదెవరు?

ఇంకో సంగతి కూడా ఉంది. ఇంటి పేరు మీద జరిగిన మర్యాదలన్నిటికీ మూలం వంటింట్లో ఉంది. మగవాడు వీధి అరుగు మీద కూర్చుని, "భోంచేసి వెళ్ళండి" అని ఒక్క మాట అంటాడు. ఆ మాట నిలబెట్టవలసింది లోపలి ఇల్లాలు. అప్పటికే కట్టెల పొయ్యి ఆర్పి, గిన్నెలు కడిగి ఉంటుంది. మళ్ళీ ఎసరు పెట్టాలి. మిగిలిన కూరను సర్దాలి. చాలా ఇళ్ళలో అందరికీ వడ్డించి చివర తినేది ఆవిడే. కాబట్టి అనుకోని మనిషి తిన్న అన్నం ఆవిడ వాటాలోదే. వచ్చినాయన ఆ ఇంటి యజమానిని దీవించి వెళ్ళేవాడు. లోపల ఆవకాయ ముక్కతో సరిపెట్టుకున్న మనిషి సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఈ ఇబ్బంది ఎరిగిన ఆడవాళ్ళే దానికి ఒక ఉపాయం కనిపెట్టారు. అదే పిడికెడు బియ్యం. రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఇంట్లో ఎవరికీ ఒక మెతుకు తగ్గినట్టు తెలియదు. రోజుకో పిడికెడు అంటే నెల తిరిగేసరికి కిలో, కిలోన్నర అవుతుంది. పదిమంది ఒక పూట తినే బియ్యమన్నమాట. ఆకలితో వచ్చినవాడికి అది తీసి వండితే ఇంటి లెక్క తప్పదు, ఎవరి వాటా తరగదు. మరికొన్ని ఇళ్ళలో రాత్రి వంటలో ఒక మనిషికి సరిపడా ఎక్కువ వేసేవారు. ఎవరూ రాకపోతే అది పొద్దున్న చద్దన్నం అవుతుంది. వృథా అయ్యేది ఏమీ లేదు.

ఇప్పుడు చేయవలసిన మార్పు ఒక్కటే. వచ్చినవారికి పెట్టాలన్న మాట మగవాడు అన్నప్పుడు లేచి ఎసరు పెట్టేది కూడా ఆయనే కావచ్చు. కనీసం విస్తరి వేసి, నీళ్ళు పెట్టి, తిన్నాక చోటు తుడవవచ్చు. పెట్టిన పుణ్యం ఇద్దరిదీ అయినప్పుడు శ్రమ కూడా ఇద్దరిదీ కావాలి.

గోదావరి పొంగిన నాడు

మామూలు రోజుల్లో చిన్నవిగా కనిపించే ఈ అలవాట్ల విలువ ఆపద వచ్చిన నాడు తెలుస్తుంది. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద ఈ ప్రాంతం వారు మరిచిపోలేనిది. లంకలు మునిగాయి. ఏటిగట్లు తెగాయి. జనం పిల్లలతో, పశువులతో గట్లెక్కారు. పదేళ్ళకు, 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను తుడిచిపెట్టింది. లక్షలాది కొబ్బరిచెట్లు నేలకూలాయి. పాకలు, పెంకుటిళ్ళు ఎగిరిపోయిన చోట డాబా ఉన్న ప్రతి ఇల్లూ ఒక ఆశ్రయం అయింది. ఆ రాత్రి తలుపు కొట్టినవారిని "మీరెవరు" అని అడగడానికి వ్యవధి లేదు. గొళ్ళెం తీసినవారు తీశారు. లోపలికి వచ్చినవారు బ్రతికారు. చెట్లు పడి రోడ్లు మూసుకుపోయి, కరెంటు లేక, బయటి సాయం అందడానికి ముందు గడిచిన ఆ మొదటి రోజుల్లో ఒకరి ఇంట ఉన్న బియ్యమే పదిమందికి గంజి అయింది.

2022 జూలైలో మళ్ళీ వరద వచ్చింది. లంక గ్రామాల్లోకి నీరు చేరింది. ఈసారి ప్రభుత్వ పడవలు, పునరావాస కేంద్రాలు ఉన్నాయి. అయినా గట్ల మీద ఉన్నవారికి పులిహోర పొట్లాలు, పాలపాకెట్లు, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చినవారిలో చుట్టుపక్కల ఊళ్ళ ఇళ్ళవాళ్ళు ఎందరో ఉన్నారు. సర్కారు సాయానికి దాని పద్ధతి, దాని వేళ ఉంటాయి. పక్కవాడి సాయం వెంటనే వస్తుంది. రెండూ కావాలి. ఒకదానికి ఒకటి బదులు కాదు.

దగ్గరకు రావద్దన్న రోజుల్లో

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలయింది. బస్సులు, రైళ్ళు ఆగిపోయాయి. కోనసీమకు ముఖద్వారమైన రావులపాలెం మీదుగా పోయే జాతీయ రహదారి మీద కూలిజనం నడిచిపోవడం మొదలయింది. చెన్నై వైపు నుంచి ఒడిశా వైపు, ఇంకా పైకి. చంకలో పిల్లలు, తలమీద మూటలు, కాళ్ళకు బొబ్బలు. వారి భాష వేరు. ఊరు పేరు చెప్పినా ఇక్కడివారికి తెలియదు. పైగా తెలియని మనిషిని దగ్గరకు రానీయవద్దని ఊరూరా మైకులో చెబుతున్న రోజులవి. కొన్ని ఊళ్ళవాళ్ళు పొలిమేరలో కంపలు అడ్డం వేసుకున్నారు.

ఆ రోజుల్లోనే రోడ్డు పక్క ఊళ్ళలో అన్నం పొట్లాలు కట్టినవారున్నారు. ఒక బల్ల వేసి, దానిమీద పొట్లాలు, అరటిపండ్లు, నీళ్ళ సీసాలు పెట్టి, పది అడుగులు వెనక్కి జరిగి నిలబడేవారు. నడిచేవాళ్ళు వచ్చి తీసుకుని, దణ్ణం పెట్టి, సాగిపోయేవారు. ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోయినా ఆకలీ అన్నమూ ఇద్దరికీ అర్థమయ్యాయి. భయం లేక కాదు వారు అలా చేసింది. భయం ఉన్నా చేశారు. జాగ్రత్త వదలలేదు, దయా వదలలేదు. దగ్గరకు రాకుండా కూడా ఆదుకోవచ్చని ఆ బల్ల చూపించింది.

మోసం మాటేమిటి?

ఈ మాట ఎత్తగానే చాలామంది ఒక ప్రశ్న వేస్తారు. దాహమని వచ్చి మెడలో గొలుసు తెంపుకు పోయినవాళ్ళు లేరా? నగలకు మెరుగు పెడతామని వచ్చి మాయం చేసినవాళ్ళు లేరా? ఉన్నారు. అలాంటి నేరాలు పేపర్లో తరచూ వస్తూనే ఉన్నాయి. పగలు మగవాళ్ళు పొలాలకు పోయి, ఇంట్లో ముసలివాళ్ళో, ఒంటరి ఆడవాళ్ళో ఉంటే భయపడటం సహజమే. వారిని పిరికివాళ్ళని గాని, దయలేనివాళ్ళని గాని అనకూడదు.

కాని మోసగాడు ఒకడు వచ్చాడని వందమంది దాహం మీద గేటు మూయనక్కరలేదు. కుండ గేటు బయట పెడితే తలుపు తీసే పనే లేదు. ఇవ్వదలచుకున్నది కటకటాల మధ్యనుంచి ఇవ్వవచ్చు. పొరుగింటి వాళ్ళను కేకవేసి, వారు వచ్చాక మాట్లాడవచ్చు. బరువైన నగలు ఒంటిమీద వేసుకుని తెలియనివారితో మాట్లాడకపోవడం మంచిది. ఇల్లు చూపించడం, డబ్బివ్వడం, బాంకు నంబర్లు, ఫోనుకు వచ్చే నంబర్లు చెప్పడం వంటివి దయ కిందికి రావు. నీళ్ళూ, అన్నమూ, నీడా, దారి చెప్పడమూ ఇవి వస్తాయి. ఈ రెండింటికీ మధ్య గీత గీసుకుంటే భయం సగం తగ్గుతుంది. పిల్లలకు కూడా ఆ గీతే నేర్పాలి. "తెలియనివాళ్ళతో మాట్లాడకు" అని మాత్రమే నేర్పితే వారు పెద్దయ్యాక కూడా మాట్లాడరు. "అమ్మను పిలిచి, ఇద్దరం కలిసి ఇద్దాం" అని నేర్పితే జాగ్రత్తా వస్తుంది, దయా వస్తుంది.

రోడ్డున పడ్డవాడిని లేపితే

మరో భయం రోడ్డు ప్రమాదాలది. రోడ్డు పక్క ఇళ్ళవారికి మోటారు సైకిళ్ళు పడిపోయిన చప్పుడు కొత్త కాదు. పరుగెత్తి వెళ్ళి లేపాలని ఉన్నా, "పోలీసుల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరగాలి, మనకెందుకు" అని ఆగిపోయేవారు ఎందరో. ఈ భయానికి ఇప్పుడు చట్టంలో జవాబుంది. ప్రమాదంలో ఆదుకున్నవారిని వేధించకూడదన్న మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు ఆమోదముద్ర వేసింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు ఆ రక్షణ చట్టంలోనే చేర్చారు. మంచి మనసుతో గాయపడినవారిని ఆదుకున్న వ్యక్తి మీద, ఆ సాయంలో ఏదైనా పొరపాటు జరిగినా, కేసు పెట్టడానికి వీలులేదు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

కాబట్టి రోడ్డు పక్క ఇంటివారు చేయవలసింది ఇంతే. 108కి ఫోను చేయాలి. 2005 నుంచి ఉన్న ఈ అంబులెన్సు సాయానికి డబ్బు అక్కరలేదు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. మెడకో నడుముకో దెబ్బ తగిలిందనిపిస్తే అటూ ఇటూ కదల్చకూడదు. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోయకూడదు. చుట్టూ మూగినవారిని గాలి ఆడేలా జరపాలి. పడినవాడి ఇంటివారికి కబురు చేరేదాకా ఒకరు పక్కన ఉండాలి. ఆ ఉండటమే అసలు సాయం. దెబ్బ తిన్న మనిషి ఆ తరువాత మరిచిపోనిది పక్కన కూర్చుని "ఏం కాదు బాబూ, బండి వస్తోంది" అన్న గొంతునే.

మధ్యాహ్నం గంట కొట్టాక

2024లో రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలల్లో మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీ పిల్లలకు కూడా ఈ భోజనం మొదలయింది. ఇప్పుడు శ్రీకాకుళంలో పిల్లా, అనంతపురంలో పిల్లా గన్నవరం ఇల్లాలి పేరు వింటూ అన్నం తింటున్నారు. మంచిదే. అయితే పేరు పలకను చూసి నేర్చుకునేది కొంతే. ఇంట్లో చూసి నేర్చుకునేది ఎక్కువ. సీతమ్మగారు కూడా బడిలో నేర్చుకోలేదు. బువ్వన్నగారి ఇంట్లో చూసి నేర్చుకున్నారు.

ఎండాకాలం మధ్యాహ్నం ఏ కోనసీమ ఊళ్ళోనైనా దింపు కార్మికుడు చెట్టు దిగి, మొలతాడు సడలించుకుని, నీడన చతికిలబడటం కనిపిస్తుంది. ఇంట్లోంచి ఒక పిల్లకు నిండు చెంబు ఇచ్చి పంపుతారు. చెంబు తొణకకుండా రెండు చేతులతో పట్టుకుని ఆ పిల్ల మెల్లగా నడిచి వస్తుంది. అతను తాగుతున్నంతసేపూ పక్కన నిలబడి చూస్తుంది. "ఇంకా కావాలా బాబాయ్?" అని అడుగుతుంది. ఆ చెంబు లోపలికి వెళ్ళాక ఇంటి చెంబుల పక్కనే బోర్లించారా, విడిగా పెట్టారా అన్నది కూడా ఆ పిల్ల చూస్తుంది. రేపు ఆ పిల్ల ఇల్లాలయ్యాక ఏం చేస్తుందన్నది ఆ చూసినదాన్ని బట్టే ఉంటుంది.